పగడాల తొట్టి – హస్తవాసి

కొందరు డాక్టర్ల హస్తవాసి మంచిదంటారు. కొందరు నాటితే ఎండుపుల్లైనా చిగురిస్తుందంటారు. ఇంట్లో గాజుతొట్టి పెట్టి, ఉప్పునీరు నింపి, పగడాలు పెంచేవాళ్ళ మధ్య కూడా ఇవే మాటలు నడుస్తాయి. సింగపూరులో ఉద్యోగం చేస్తున్న మా బావగారికి అలాంటి తొట్టి ఉంది, రెండువందల లీటర్లది. నేను కెమిస్ట్రీ చదువుతున్నానన్న ఏకైక నేరానికి దాని మంచిచెడ్డలన్నీ నాకు రాస్తుంటారు. "పక్కింటాయనకి కలిసొచ్చిందోయ్, మనకి రాలేదు" అన్నది ఆయన మొదటి ఉత్తరంలోని మాట. ఈ కలిసిరావడంలో రసాయన శాస్త్రం పాలెంత, అదృష్టం పాలెంత అన్నదే ఈ వ్యాసంలో చర్చించదలచుకున్నాను.

ముందు చేపల సంగతి. ఇద్దరూ ఒకేరోజు, ఒకే దుకాణంలో చేపలు కొన్నారు. పక్కింటాయనవి బతికాయి, బావగారివి వారం తిరక్కుండా పోయాయి. చేపలు విసర్జించేది ముఖ్యంగా అమ్మోనియా. కొన్ని బాక్టీరియాలు దాన్ని నైట్రైటుగా, మరికొన్ని ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఇవి చాలినంతగా పెరగడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పక్కింటాయన తొట్టీ కొత్తదే గాని అందులోని రాళ్ళు పాతవి, ఏళ్ళతరబడి ఇంకొకరి తొట్టిలో ఉన్నవి. బాక్టీరియా రాళ్ళతోబాటే కాపురానికి వచ్చేశాయి!

ఇంకొక విశేషం. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది: అమ్మోనియం అయాను, అయాను కాని అమ్మోనియా. చేపకు అసలు విషం రెండోది. పి.హెచ్. 7 దగ్గర అది నూటికి ఒకపాలు కూడా ఉండదు. పి.హెచ్. ఒకటి పెరిగితే అది దాదాపు పదిరెట్లవుతుంది. సముద్రపు నీటి పి.హెచ్. 8.1, 8.2 ప్రాంతంలో ఉంటుంది. మంచినీటి చేపలు పెంచడంలో తలపండినవాళ్ళు కూడా ఉప్పునీటికి వచ్చేసరికి దెబ్బతినడానికి ఇదొక కారణం.

రాళ్ళ మహిమను లోకానికి చాటినవాడు జకార్తాకు చెందిన లీ చిన్ ఇంగ్. 1961లో ఒక అమెరికన్ చేపల పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. సముద్రం నుంచి తెచ్చిన జీవశిలలు, సన్నగా గాలిబుడగలు, ఎండ – ఆయన సరంజామా దాదాపు ఇంతే. అయితే ఆయనది సముద్రతీరపు ఊరు. దూరదేశాలకు పెట్టెల్లో ప్రయాణం చేసే రాళ్ళమీది జీవులు దారిలో కొన్ని చచ్చి, కుళ్ళి, తామే అమ్మోనియా పుట్టిస్తాయి. ఒకరికి ఫలించిన పద్ధతి మరొకరికి బెడిసికొట్టిందంటే ముందు ఆ రాయి ఎంతదూరం నుంచి వచ్చిందో అడగాలి.

ఇక అసలు చిక్కుకు వద్దాం. రెండో ఏడు బావగారి తొట్టి కళకళలాడింది. అక్రోపోరా అనే కొమ్మల పగడాలు చివుళ్ళు వేశాయి. "మన దశ తిరిగిందోయ్" అని రాశారు. ఆ తర్వాత మూడునెలలకే కొమ్మల మొదళ్ళ దగ్గర చర్మం ఊడిపోయి తెల్లని ఎముక బయటపడటం మొదలైంది. కాల్షియం పరీక్షించి చూస్తే లీటరుకు 400 మిల్లీగ్రాములు. సముద్రంలో ఉండేది సుమారు 420. "నీళ్ళు బాగానే ఉన్నాయి, ఇది నరదిష్టే" అని తేల్చేశారు.

దిష్టి లెక్క చూద్దాం. పగడపు అస్థిపంజరం కాల్షియం కార్బొనేటు. లీటరు నీటిలోంచి 20 మిల్లీగ్రాముల కాల్షియం ఎముకగా మారితే, దానితోబాటు ఒక మిల్లీ ఈక్వివలెంటు క్షారత్వం పోతుంది. సముద్రపు నీటిలో ఉండే క్షారత్వమే సుమారు రెండున్నర. అంటే కాల్షియం నూటికి ఐదుపాళ్ళు తగ్గేసరికి క్షారత్వం నలభైపాళ్ళు హరించుకుపోయిందన్నమాట! కాల్షియం ఒక్కటే కొలిచేవాడికి ఇది కనబడదు. పైగా పగడం ఎదిగేకొద్దీ దాని ఆకలీ పెరుగుతుంది. నెలకు తిన్నది వారానికే తినేస్తుంది. బావగారు కలిపే వంటసోడా మోతాదేమో మొదటి ఏటిదే. దశ తిరగడం వల్లనే దశ తప్పిందని ఆయనకు రాశాను. క్షారత్వం కొలవడమంటే మనం ల్యాబులో చేసే ఆమ్లక్షార టైట్రేషనే. ఇప్పుడాయన వారానికి రెండుసార్లు చేస్తున్నారు. తగ్గిన క్షారత్వాన్ని ఒక్కసారిగా పెంచినా ప్రమాదమే కనుక రోజుకు కొంచెం చొప్పున పెంచుకొచ్చారు. సగం కొమ్మలు దక్కాయి.

అదృష్టమనేది అసలే లేదా అంటే, ఉంది. రాతి పగుళ్ళలో దాక్కొని ఐప్టేసియా అనే చిన్న సముద్రపుష్పం ఒకటి వస్తే చాలు; కోసి పారేసినా మిగిలిన తునకనుంచి మళ్ళీ పుడుతుంది, పక్కనున్న పగడాలను కుడుతుంది. అది ఏ రాతిలో ఉందో కొనేవాడికి తెలియదు. పంపు ఆగిపోవడం కూడా అలాంటిదే. 25 డిగ్రీల వేడిలో లీటరు సముద్రపు నీటిలో ఏడు మిల్లీగ్రాముల ఆక్సిజనైనా కరగదు. రాత్రిపూట కిరణజన్య సంయోగక్రియ ఉండదు, ఊపిరి పీల్చేవే అన్నీ. ఆదివారం మధ్యాహ్నం మనం ఇంట్లో ఉండగా పంపులో నత్త ఇరుక్కుంటే తీసి అవతల పడేస్తాం. అదే అర్ధరాత్రి ఇరుక్కుంటే తెల్లారేసరికి చేపలు తేలతాయి. దీనికి ఏ సమీకరణమూ లేదు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి పెట్టుకుంటే మాత్రం ఈ దురదృష్టమూ కొంత తగ్గుతుంది.

ఇది చదివి మన మిత్రులెవరైనా ఉత్సాహపడతారేమో. మన దేశంలో రాతిపగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. సముద్రంలోంచి తెచ్చి ఇంట్లో పెంచడం నేరం. చేపలతో సరిపెట్టుకోవచ్చు. క్లౌన్ చేపలను తొట్టెల్లోనే గుడ్లు పెట్టించి పిల్లల్ని పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాధించింది. అలా పెరిగిన చిన్న పిల్లల్ని రెంటిని కొంటే చాలు. వాటిలో పెద్దది ఆడదవుతుంది, రెండోది మగదిగా ఉండిపోతుంది. ఆ జంటకు జాతకాలు చూడనక్కర్లేదు.