చీనా–జపాను భాషలలో సమానలిపి పదములు: ఒక పరిశీలన

లిపి ఒకటైనంత మాత్రమున చీనా, జపాను భాషలు ఏకమూలకములని తలచుట తగదు. చీనా భాష చీనా–టిబెటను కుటుంబమునకు చెందినది. అందు విభక్తి ప్రత్యయములు లేవు. జపాను భాష ఆ కుటుంబమునకు చెందదు. తెలుగునందువలెనే అందు పదముల చివర ప్రత్యయములు చేరును. క్రియ వాక్యాంతమున నిలుచును. ఈ భిన్నభాషలను కలిపినది చీనా చిహ్నసముదాయము. దానిని జపానువారు కంజి అందురు. ఒకే చిహ్నముతో వ్రాయబడు పదము రెండు భాషలందును ఒకే పదమగునా అనునది ఇచట విచార్యము.

కంజికి సామాన్యముగా రెండు విధముల పఠనము కలదు. చీనానుండి వచ్చిన ధ్వని 'ఓన్', దేశీయపదము 'కున్'. పర్వతమును సూచించు చిహ్నము చీనాలో 'షాన్'. జపానులో అదియే సమాసమున 'సన్' అనియు, ఒంటరిగా 'యమ' అనియు పలుకబడును. మనకు 'గిరి', 'కొండ' అను రెండు పదములకు రెండు వ్రాతలు కలవు. వారికి రెంటికిని వ్రాత యొక్కటియే.

ఓన్ పఠనములందును కాలభేదము కలదు. గమనార్థకమైన ఒక చిహ్నమునకు 'గ్యో', 'కో', 'అన్' అను మూడు పఠనములున్నవి. మొదటిది దక్షిణ చీనానుండి బౌద్ధముతో వ్యాపించిన 'గో' శ్రేణి. రెండవది తాంగ్ రాజధాని ఉచ్చారణను అనుసరించిన 'కన్' శ్రేణి. మూడవది జెన్ భిక్షువులు, వర్తకులు తరువాత తెచ్చిన 'తో' శ్రేణి. ఒక్క చిహ్నమున మూడు యుగముల ధ్వనులు నిలిచినవి.

అర్థభేదము మరింత జాగరూకతను కోరును. 'చేయి', 'కాగితము' అను రెండు చిహ్నముల కూర్పు జపానులో 'తెగమి', అనగా ఉత్తరము. నేటి చీనాలో అది శౌచమునకు వాడు కాగితము. జపానులో 'చదువు' అను అర్థముగల 'బెన్‌క్యో' చీనాలో అయిష్టముగా చేయుటను తెలుపును. సంస్కృత 'అవసర' శబ్దము హిందీలో అవకాశార్థమును నిలుపుకొనగా, తెలుగున ఆవశ్యకతార్థమును పొందుట ఇట్టిదే.

పదములు ఒకే దిశను పయనింపలేదు. నిషి అమనె 1874లో ప్రకటించిన గ్రంథమున తత్త్వశాస్త్రమునకు వాడిన 'తెత్సుగకు' పిదప చీనాకు చేరి, అచటి ధ్వనితో స్థిరపడినది. చిహ్నములు చీనావి, కూర్పు జపానుది.

సంస్కృతజ్ఞులకు ఒక ఉదాహరణము ప్రత్యేకముగ గమనింపదగినది. బౌద్ధానువాదకులు 'క్షణ' శబ్దమును రెండు చిహ్నముల ధ్వనితో వ్రాసిరి. అది చీనాలో 'ఛానా', జపానులో 'సెత్సున' అయినది. ఇచట చిహ్నముల అర్థములను కూర్చినచో క్షణార్థము సిద్ధింపదు, ధ్వనియే ప్రమాణము.

కావున సమానలిపి పదమును పరిశీలించునపుడు చిహ్నము, పఠనము, అర్థము, పయనదిశ అను నాలుగింటిని వేరువేరుగా నిర్ణయింపవలెను. బౌద్ధగ్రంథముల చీనా అనువాదములనుండి సంస్కృతమూలమును ఊహించు పరిశోధకునకు ఈ వివేకము అత్యావశ్యకము. అది లేనిచో ధ్వనికై వ్రాసిన చిహ్నమునకు అర్థము కల్పించి, మూలమున లేని పదమును నిలుపు ప్రమాదము కలదు.