తీపి ఫలహారము – నెత్తుటిలోని చక్కెర

కృష్ణా డెల్టా గ్రామములలో మినపరొట్టెను బెల్లపు పాకముతో తినుట, ఆపై తీపి కాఫీ త్రాగుట పెక్కిండ్ల అలవాటు. పూర్వము తెల్లవారకమున్నే అరక కట్టి మధ్యాహ్నము వరకు మడిలో తిరిగిన రైతునకు ఆ తీపి చాలవరకు కష్టములోనే ఖర్చగుచుండెను. నేడు దున్నుట, కోయుట యంత్రముల పాలైనవి. ఫలహారము మాత్రము మారలేదు. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి పరిశీలన ననుసరించి, మన దేశమున పెద్దలలో నూటికి 11 మందికి పైగా మధుమేహము గలవారు. కావున సభ్యులు ఈ విషయము నెరుగుట అవసరము.

కారణము: కాలువకు నీరు వదలి పొలముల తూములు మూసియుంచినచో నీరు గట్టు పొర్లును. నెత్తురు కాలువ వంటిది. కండలు పొలముల వంటివి. ఇన్సులిన్ అను రసము తూము తెరచు మనిషి. మధుమేహమున ఆ మనిషి చాలడు, లేదా తూములు అతనికి లొంగవు. ప్రొద్దుటిపూట దేహములోని మరికొన్ని రసములు ఇన్సులిన్ పనికి అడ్డుపడును. అందుచే ఉదయపు తీపి పెక్కుమంది రోగులకు చక్కెరను మరింత పెంచును.

బెల్లము: బెల్లము హాని చేయదనుట పొరపాటు. అదియు చెరకురసమే, అందు అధికభాగము చక్కెరయే. తేనెయు అట్టిదే.

చేయదగినవి:

1. పరగడుపున తీపి తినరాదు. మొదట పెసరట్టుగాని, గ్రుడ్డుగాని, కూరగాని తిని, తీపిని చివర కొలదిగా తినవలెను.

2. పాకము తిన్ననాడు కాఫీలో చక్కెర మానవలెను.

3. తిన్న పిమ్మట పది పదునైదు నిమిషములు నడువవలెను. కండలు పనిచేయునపుడు ఇన్సులిన్ చాలకున్నను కొన్ని తూములు తెరచుకొనును.

4. తినుటకు ముందును, తినుట మొదలిడిన రెండు గంటలకును చక్కెరను పరీక్షించి వ్రాసికొనవలెను. సామాన్యముగా పెద్దలకు తినుటకు ముందు డెసిలీటరు నెత్తుటికి 80 మొదలు 130 మిల్లీగ్రాములు, పిదప 180 లోపల ఉండుట మేలు. వృద్ధులకు, గర్భిణులకు వైద్యుడు చెప్పినదే ప్రమాణము.

హెచ్చరిక: ఇన్సులిన్‌గాని, చక్కెరను మిక్కిలి దించు మాత్రలుగాని పుచ్చుకొని, తినకయే పొలమునకు పోరాదు. వణకు, చెమట, తికమక కలిగి చక్కెర 70 కంటె తగ్గినచో, మూడు చెంచాల చక్కెరను నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను; పదునైదు నిమిషములకు మరల పరీక్షించి, తగ్గియేయున్న మరల త్రాగవలెను; కుదుటపడిన పిమ్మట భోజనము చేయవలెను. అప్పుడు చక్కెరయే మందు. తెలివి తప్పినవాని నోట ఏమియు పోయరాదు; 108 బండిని పిలువవలెను. వైద్యుని అడుగక మందు మానరాదు.

సంఘపు అప్పు పుస్తకమును సరిచూచుకొను రైతు, ఈ చక్కెర లెక్కను గూడ ఒక చిన్న పుస్తకమున వ్రాసికొని వైద్యునికి చూపుచుండవలెను. ఏ ఫలహారము తనకు సరిపడునో, ఏది సరిపడదో ఆ పుస్తకమే తెలుపును.