రక్తపు చుక్కను చదివే చదువు

నీట్ ఫలితాలు వచ్చిన వారం సాలూరులో చాలా ఇళ్ళలో ముద్ద దిగదు. లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డింగు చేసే తండ్రి గానీ, కొండమీద జీడితోట చూసుకునే తల్లి గానీ, కనిపించిన మేష్టారునల్లా ఒకే మాట అడుగుతారు: ‘‘మా గుంటకి సీటు రాలేదండి. ఇప్పుడేటి సెయ్యాల?’’

అమ్మా, నాన్నా, ఈ నాలుగు మాటలు మీకోసమే. సీటు రాని పిల్లలు మీ ఒక్క ఇంట్లోనే కాదు, ఎన్నో ఇళ్ళలో ఉన్నారు. దేశం మొత్తం మీద ఏటా ఇరవై లక్షల మందికి పైగా ఆ పరీక్ష రాస్తున్నారు. ఎంబీబీఎస్ సీట్లు లక్ష పైచిలుకే. విజయనగరంలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ తెరిచారు, మన పిల్లలకు దగ్గరలో కొన్ని సీట్లు పెరిగాయి, సంతోషమే. అయినా లెక్క లెక్కే. మార్కులు కొద్దిలో తప్పాయి, పాప తానే ఇంకోసారి రాస్తానంటోంది అంటే ఒక ఏడాది ఇవ్వండి. మీ మాట కాదనలేక లాంగ్ టర్మ్ కోచింగుకు వెళ్ళే పాపను మాత్రం రెండో ఏడు, మూడో ఏడు అక్కడ కూర్చోబెట్టకండి. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో ఒకే పుస్తకాన్ని భయంతో తిరగేస్తూ గడిపిన ఏళ్ళు పిల్లల నుంచి చాలా తీసుకుపోతాయి.

బైపీసీ చదివిన పిల్లలకు ఇంకొక దారి ఉంది. మన వైపు దాని పేరు తక్కువ వినిపిస్తుంది: బయోమెడికల్ సైన్సెస్. మనిషి శరీరం ఎలా పనిచేస్తుంది, రోగం ఎక్కడ మొదలవుతుంది, దాన్ని పరీక్షలో ఎలా పట్టుకోవాలి, మందు లోపలికి వెళ్ళి ఏం చేస్తుంది, ఇదంతా ప్రయోగశాలలో నేర్పే డిగ్రీ. కణాలు, జన్యువులు, రక్తం, సూక్ష్మజీవులు, రోగనిరోధక శక్తి, వాటితోపాటు కాస్త గణాంకశాస్త్రం కూడా ఉంటుంది. ఇది పూర్తిచేసిన వాళ్ళు మందులు రాసివ్వరు, సూది వెయ్యరు. ఆ సంగతి మీరు ముందే తెలుసుకోవాలి, పాపకూ ముందే తెలియాలి.

మన కొండల్లో ఈ చదువుకు ఎంత పని ఉందో ఒక్క రోగాన్ని పట్టుకుని చెబుతాను. సికిల్ సెల్ జబ్బు గురించి మీరు వినే ఉంటారు. కొండదొర, జాతాపు, గదబ, సవర గూడేల్లో ఏఎన్ఎం వచ్చి వేలిమీద పొడిచి రక్తం తీసుకుని వెళ్ళేది అందుకే. గుండ్రంగా ఉండాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగిపోతుంది. సన్నటి రక్తనాళాల్లో అలాంటివి ఇరుక్కుంటే కీళ్ళలో, ఎముకల్లో ప్రాణం పోయేంత నొప్పి. కళ్ళు పచ్చబడతాయి, రక్తం తగ్గిపోతుంది. పిల్లవాడు బడి మానేస్తాడు. దిష్టి అనుకుంటారు, గాలి సోకిందనుకుంటారు, ఏదో పాపఫలమనుకుంటారు. అసలు కారణం హిమోగ్లోబిన్‌ను తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడం. దానివల్ల ఒక ప్రోటీను గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సిన చోట వాలీన్ వచ్చి కూర్చుంటుంది. అంతే తేడా.

తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ మారిన జన్యువు ఒక్కొక్కటి ఉంటే, వాళ్ళు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తారు. పుట్టే ప్రతి బిడ్డకూ మాత్రం జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాలు చేసుకునే కుటుంబాల్లో ఇద్దరిలోనూ అదే జన్యువు ఉండే వీలు ఇంకా ఎక్కువ. మరి ఇన్ని తరాలుగా ఆ జన్యువు మన కొండల్లో ఎందుకు నిలిచిపోయింది? ఒక్కటే ఉన్నవాళ్ళకు ఫాల్సిపారం మలేరియా ప్రాణాంతకం కాకుండా అది కొంత కాపాడుతుంది కనుక. దోమ ఉన్నచోట అది మేలు చేసింది, జంటగా వచ్చినచోట కీడు చేసింది. దోమ మలేరియాను మోస్తుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897లో, మన సికింద్రాబాదులోనే. నీలగిరి కొండల గిరిజనుల రక్తంలో సికిల్ కణాలను మన దేశంలో మొదటిసారి గుర్తించింది 1952లో. ఈ రెండు కథలూ మన పాప ఒంట్లోనో, పక్కింటి పిల్లవాడి ఒంట్లోనో కలిసి నడుస్తున్నాయి. ఇంటర్ పుస్తకంలో అర పేజీలో అయిపోయే ఈ పాఠం మన పిల్లలకు ఇంటి సంగతి. ఇది చెబుతున్నప్పుడు కళ్ళు పెద్దవి చేసుకుని వినే పిల్ల మీ ఇంట్లో ఉంటే, ఆ పిల్ల ఈ చదువు చదవాల్సిందే అంటాను.

2023 జులై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. 2047 నాటికి దేశంలో ఈ జబ్బు లేకుండా చెయ్యాలని గురి, నలభై ఏళ్ళలోపు వాళ్ళు ఏడు కోట్ల మందికి రక్తపరీక్షలు చెయ్యాలని లెక్క. గూడెంలో చేసే మొదటి పరీక్ష చవకైనది, అనుమానం వస్తే పెద్ద యంత్రం మీద ఖాయం చేస్తారు. ఇంకా చవకగా, కరెంటు లేని చోట కూడా తప్పు చెప్పకుండా పనిచేసే పరీక్ష ఎవరు తయారుచేస్తారు? మారిన అక్షరాన్నే సరిదిద్దే చికిత్స ఎవరు కనిపెడతారు? 2023 నవంబరులో బ్రిటన్ ఈ జబ్బుకు, వేరే దారిలో పనిచేసే ఒక జన్యు సవరణ చికిత్సను ప్రపంచంలో మొదటిసారి అనుమతించింది. దాని ఖరీదు మనలాంటి వాళ్ళం ఊహించలేనిది. మన దేశంలోనే తక్కువ ఖర్చుతో అలాంటిది తేవాలని ఢిల్లీలోని ఐజీఐబీ అనే పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు. ఆ గదుల్లో ఉన్నవాళ్ళు చదివినది ఇదే బాట చదువు. ఆ బల్ల దగ్గర మన సాలూరు పిల్ల కూడా ఉండాలని నా కోరిక. జబ్బును దగ్గరగా చూసినవాళ్ళు అడిగే ప్రశ్నలు వేరేగా ఉంటాయి.

‘డాక్టరు కాకపోతే గొప్పేముంది’ అనే తాతలు, మావయ్యలు ప్రతి ఇంట్లో ఉంటారు. వాళ్ళకు యల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి చెప్పండి. 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా చేతిలో పెట్టారు. అమెరికా వెళితే, పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. రోగి చెయ్యి పట్టి వైద్యం చేసిన డాక్టరుగా ఆయన పేరు నిలవలేదు. ప్రయోగశాలలోనే జీవితం గడిపారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతికి ఆయన పేరు కూడా ఉంది. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తేల్చిన వాళ్ళలో ఆయన ఒకరు. ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. గర్భిణికి ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అదే, సికిల్ సెల్ పిల్లలకు రోజూ వేసేది అదే. బోదకాలు రాకుండా ఊరంతటికీ పంచే డీఈసీ మాత్ర వెనక ఉన్నదీ ఆయన బృందమే. మన గూడేల్లో ఆయన పేరు వినని ఇళ్ళలోకి కూడా ఆయన పని ఎప్పుడో వచ్చేసింది.

ఇక జాగ్రత్తలు. బయోమెడికల్ అనే పేరు చూసి మోసపోయేవాళ్ళు ఉన్నారు కనుక కాస్త గట్టిగానే చెబుతాను. బయోమెడికల్ ఇంజనీరింగ్ వేరు, అది స్కానింగు యంత్రాలు, వెంటిలేటర్ల చదువు, దానికి లెక్కలు కావాలి. బీఎస్సీ ఎంఎల్‌టీ వేరు, అది ఆసుపత్రి ల్యాబులో పరీక్షలు చేసే వృత్తి చదువు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్ పోస్టు పడితే అడిగేది డీఎంఎల్‌టీ, బీఎస్సీ ఎంఎల్‌టీ లాంటి అర్హతలు. బయోమెడికల్ సైన్సెస్ డిగ్రీ పట్టుకుని ఆ ఉద్యోగానికి వెళితే వెనక్కి పంపిస్తారు. కాబట్టి ఇంటి పరిస్థితి ముందు చూసుకోండి. అప్పులున్నాయి, కింద ఇద్దరు పిల్లలున్నారు, నాలుగేళ్ళలో పాప జీతం ఇంటికి రావాలి అనుకుంటే ఎంఎల్‌టీ, నర్సింగ్, బీఫార్మసీ మంచి చదువులు. వాటిని ఎంచుకోవడంలో చిన్నతనం లేదు. బయోమెడికల్ సైన్సెస్ పొడుగు చదువు. డిగ్రీ మూడేళ్ళో నాలుగేళ్ళో, పైన ఎమ్మెస్సీ రెండేళ్ళు. అక్కడికి వస్తే గానీ మంచి తలుపులు తెరుచుకోవు. పరిశోధనలోకి వెళితే పీహెచ్‌డీ మరో అయిదేళ్ళు. డిగ్రీతో ఆపేద్దామనే ఆలోచన ఉంటే అసలు మొదలుపెట్టించకండి.

ఎక్కడ చదవాలి? ఢిల్లీ విశ్వవిద్యాలయంలోని కొన్ని కాలేజీల్లో ఈ పేరుతోనే బీఎస్సీ ఆనర్స్ ఉంది: భాస్కరాచార్య కాలేజీ, ఆచార్య నరేంద్రదేవ్ కాలేజీ, ఆడపిల్లలకు షహీద్ రాజ్‌గురు కాలేజీ. సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. కేంద్ర సంస్థల్లో గిరిజన విద్యార్థులకు ఏడున్నర శాతం సీట్లు ఉంటాయి. ఢిల్లీ అనగానే గుండె జారుతుంది, నాకు తెలుసు. పార్వతీపురం స్టేషనులో ఆగే సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌లోనే దిగవచ్చు, బండి మారే పని లేదు.

అంత దూరం వద్దనుకుంటే దగ్గరలోనే దారి ఉంది. డిగ్రీలో బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, జువాలజీ, వీటిలో ఏది మేజర్‌గా తీసుకున్నా పునాది అదే. పేరు మీద పట్టింపు వద్దు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ గానీ, హ్యూమన్ జెనెటిక్స్ గానీ ఎమ్మెస్సీ చెయ్యవచ్చు. అక్కడి నుంచి హైదరాబాదులో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, జాతీయ పోషకాహార సంస్థ లాంటి పరిశోధనా సంస్థలు ఉన్నాయి. టీకాలు తయారుచేసే కంపెనీలు ఉన్నాయి. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది, కోవిడ్ రోజుల్లో అక్కడ కూడా పరీక్ష కిట్లు తయారుచేశారు. కాలేజీలో చేర్చేముందు మీరే వెళ్ళి ల్యాబు చూడండి. మైక్రోస్కోపులు బీరువాలో తాళం వేసి ఉన్నాయా, పిల్లల చేతుల్లో ఉన్నాయా? రెండో ఏడాది పిల్లల్ని ఇద్దరిని పక్కకు పిలిచి, ఈ నెలలో మీ చేత్తో ఏ ప్రయోగం చేశారమ్మా అని అడగండి. రంగుల కరపత్రం కన్నా ఆ జవాబును నమ్మండి.

ప్లస్ టూ అవగానే విదేశాల్లో బయోమెడికల్ అంటూ కన్సల్టెన్సీలు వస్తాయి. భూమి తాకట్టు పెట్టకండి. ఉదాహరణకు బ్రిటన్ ఆసుపత్రుల్లో బయోమెడికల్ శాస్త్రవేత్తగా పనిచేయాలంటే హెచ్‌సీపీసీ అనే సంస్థలో నమోదు కావాలి, దానికి ఆ వృత్తి సంఘం గుర్తించిన డిగ్రీ, ఆసుపత్రి ల్యాబులో శిక్షణ ఉండాలి. అన్ని డిగ్రీలకూ ఆ గుర్తింపు ఉండదు. ఇక్కడ ఎమ్మెస్సీ చేసి, స్కాలర్‌షిప్పు మీద వెళ్ళే దారి పిల్లలకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

డబ్బు విషయంలో ఒక ఊరట ఉంది. పీహెచ్‌డీ చదివేటప్పుడు ఫెలోషిప్పు సాధిస్తే, చదువుతున్నందుకే జీతంలా ఇస్తారు. నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్పు సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు. పీహెచ్‌డీ చేసే గిరిజన విద్యార్థులకు కేంద్రం విడిగా ఏటా 750 ఫెలోషిప్పులు ఇస్తోంది. అంతవరకూ మోయాల్సింది డిగ్రీ, ఎమ్మెస్సీ ఖర్చు. దానికి పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఉంది, హాస్టళ్ళు ఉన్నాయి. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ ఇంటర్ రెండో ఏడాదిలోనే తీసిపెట్టుకోండి. అక్షరం తేడా ఉన్నా అప్పుడే సరిచేయించండి. అడ్మిషను రోజుల్లో ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరుగుతుంటే గడువు దాటిపోతుంది.

ఆడపిల్లయితే పెళ్ళి మాట వస్తుంది. ఎమ్మెస్సీ అయ్యేసరికి పాపకు ఇరవై మూడు. అంతవరకూ సంబంధాల ఊసు ఎత్తబోమని ఇంట్లో పెద్దలందరి దగ్గరా ఇప్పుడే మాట తీసుకోండి. నడుమలో ఆగిపోయిన చదువు ఈ దారిలో దాదాపు ఎందుకూ కొరగాదు.

అన్నిటికన్నా ముందు పాపతో మాట్లాడండి. సంతకు వెళ్తూనో, తోటలో పిక్కలు ఏరుతూనో, ఎవరూ తొందరపెట్టని వేళ అడగండి. నీకు డాక్టరు అవ్వాలని ఎందుకుంది తల్లీ? మనుషుల్ని పలకరించి ధైర్యం చెప్పాలని ఉందంటే నర్సింగ్, ఫిజియోథెరపీ ఆలోచించండి. జబ్బు ఎందుకొస్తుందో తెలుసుకోవాలని ఉందంటే ఈ చదువు సరిపోతుంది. తెల్లకోటు, ఊళ్ళో గౌరవం కోసమంటే తొందరపడకండి, ఇంకొన్నాళ్ళు ఆలోచించుకోనివ్వండి. ఏది చెప్పినా మధ్యలో అడ్డు రాకండి.

చేర్పించాక మొదటి ఆరు నెలలు కష్టం. తెలుగు మీడియంలో, గురుకులంలో చదివిన పిల్లకు ఇంగ్లీషు పాఠం చెవిలో పడి జారిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళు చకచకా రాసేస్తుంటే తనకేమీ రాదనుకుంటుంది. రాత్రి ఫోను చేసి ఏడుస్తుంది. ‘వచ్చెయ్ తల్లీ’ అనకండి. ‘ఎంత ఖర్చు పెట్టామో తెలుసా’ అని అసలే అనకండి. ఈరోజు ల్యాబులో ఏం చూశావు, మాకు అర్థమయ్యేలా చెప్పు అని అడగండి. చెప్పడానికి పాప తెలుగులో మాటలు వెతుక్కుంటుంది, వెతుక్కునే క్రమంలో పాఠం తనకే తెలుస్తుంది. మొదటి సెమిస్టరులో ఒక సబ్జెక్టు పోయినా ఫరవాలేదని, మళ్ళీ రాసుకోవచ్చని ముందే చెప్పి పంపండి. రెండో ఏడాదికి ఇంగ్లీషు దానంతటదే వస్తుంది.