ఎండకాలపు సైకిలు ప్రయాణం – చేతి తొడుగుల ఎంపిక

సైకిలు అనగానే మనకు చక్రాలు, గొలుసు, సీటు, బ్రేకులు గుర్తుకొస్తాయి. సైకిలును రెండు గంటలు పట్టుకొని ఉండే అరచేయి మాత్రం ఎవరికీ గుర్తురాదు. నాకూ గుర్తురాలేదు. అది నొప్పి పెట్టిన తర్వాతనే దాని సంగతి ఆలోచించవలసి వచ్చింది.

మాది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి ఒక పల్లె. వ్యవసాయ కుటుంబం. చదువుకోసం హన్మకొండలో ఉంటున్నాను. రెండేళ్ల కింద సీనియర్ ఒకరు అమ్మేసిన గేర్ల సైకిలు కొన్నాను. అప్పటినుంచి శనివారం సాయంత్రం కాజీపేట, మడికొండ, చిన్నపెండ్యాల మీదుగా ఇంటికి పోవడం, సోమవారం తెల్లవారుజామున బయలుదేరి తిరిగి రావడం అలవాటైంది. ఆదివారం తీరిక దొరికితే పాలకుర్తి దాటి పోతన గారి బమ్మెర దాకా పోయి వచ్చేవాణ్ణి. చలికాలమంతా హాయిగా గడిచింది. మార్చి దాటి ఎండలు ముదిరాక కథ మారింది.

ఒక సోమవారం అట్లాగే వచ్చి, నేరుగా కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు పోయాను. ఎడమచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కి ఉన్నాయి. బ్యూరెట్ స్టాప్‌కాక్ తిప్పుతుంటే వేళ్లకు స్పర్శ తెలియలేదు. ఒక్క చుక్క పడవలసిన చోట ధార పడింది. ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగు దగ్గర ఆగకుండా ముదురు గులాబీ అయి కూర్చుంది. ఒకసారి కాదు, మూడుసార్లు! పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి. చదివినదంతా తలలో ఉండి, చేయి మాట వినకపోతే ఏం లాభం? భయపడి ఈ విషయం మీద చదవడం, అడగడం, చేసి చూడడం మొదలుపెట్టాను. ఆ తెలుసుకున్నదే ఈ వ్యాసం.

తిమ్మిరి ఎందుకు వస్తుంది?

మోచేయి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలు దాకా జిల్లుమంటుంది కదా. ఆ జిల్లు పుట్టించే నాడి పేరు అల్నార్ నాడి. అది మోచేతి వెనుకనుంచి దిగి, మణికట్టు దగ్గర చిటికెన వేలి వైపు ఒక ఇరుకు దారిలోనుంచి అరచేతిలోకి వస్తుంది. ఈ దారిని 1861లో వర్ణించిన ఫ్రెంచి శస్త్రవైద్యుడు గుయోన్ పేరుమీద దానిని గుయోన్ నాళం అంటారు. మనం హ్యాండిల్ మీద వాలినప్పుడు శరీరపు బరువులో కొంత సరిగ్గా అక్కడే పడుతుంది. దానికి రోడ్డు అదురు తోడవుతుంది. నాడి నలిగి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారుతాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమి వేలు తిమ్మిరెక్కితే అది మణికట్టు మధ్యలోనుంచి పోయే మీడియన్ నాడి పని.

పీడనం అంటే బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చేది అని ఇంటర్‌లోనే చదువుకున్నాం. ఒక లెక్క వేద్దాం. ఒక్కో చేతిమీద 5 కిలోల బరువు పడిందనుకోండి. అది 10 చదరపు సెంటీమీటర్ల మీద ఆనితే చదరపు సెంటీమీటరుకు అర కిలో. అదే బరువు 25 చదరపు సెంటీమీటర్లకు పరుచుకుంటే 200 గ్రాములే. గ్లవ్స్‌లోని మెత్త చేసే పని ఇదే. అది బరువును తగ్గించదు, పంచుతుంది.

చెమట సంగతి

గాలి మన చర్మంకంటే చల్లగా ఉన్నంతసేపు సైకిలు మీద తగిలే గాలి ఒంటి వేడిని తీసుకుపోతుంది. మన వైపు మే నెలలో వేడి 40 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు గాలే మనకు వేడినిస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఒక్కటే. ఒక గ్రాము చెమట ఆవిరైతే సుమారు 580 కేలరీల వేడిని శరీరం నుంచి తీసుకుంటుంది. కానీ ఆవిరైతేనే! చుక్కలుగా కారిపోయిన చెమటవల్ల ఆ లాభం లేదు. కనుక ఎండకాలపు తొడుగుకు మొదటి పరీక్ష ఇది: చెమటను బయటికి ఆవిరి కానిస్తుందా, లోపలే పట్టి ఉంచుతుందా?

నేను చేసిన తప్పులు

మొదట హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే, రబ్బరు చుక్కలున్న నూలు తొడుగులు కొన్నాను. చవక. నూలు చెమటను బాగా పీలుస్తుంది కానీ తొందరగా వదలదు. అరగంటలో తడిసి ముద్దయ్యాయి. తడిసిన చర్మం మీద గుడ్డ రాపిడి ఎక్కువ. ఇంటికి చేరేసరికి బొటనవేలి మొదట బొబ్బలు.

రెండోసారి, మెత్త ఎంత లావుంటే అంత సుఖం అనుకొని, లావుపాటి జెల్ ఉన్నవి తెచ్చుకున్నాను. హ్యాండిల్ లావైపోయినట్లయి, ఇంకా గట్టిగా బిగించి పట్టుకోవలసి వచ్చింది. జెల్ మడతపడి ఆ నాడి మీదనే ఒత్తింది. తిమ్మిరి తగ్గకపోగా పెరిగింది. అప్పుడు అర్థమైంది, మెత్త ఎంత ఉందన్నది కాదు, ఎక్కడ ఉందన్నది ముఖ్యమని.

ఎంచుకోవలసిన తీరు

కొలత: దర్జీ టేపుతో, బొటనవేలు వదిలి, నాలుగు వేళ్ల మెటికల దగ్గర అరచేయి చుట్టుకొలత తీయాలి. ఒక్కో కంపెనీ సైజు ఒక్కో తీరుగా ఉంటుంది గనుక అక్షరాలను నమ్మకుండా ఈ కొలతనే వారి పట్టికతో పోల్చుకోవాలి. వేడికి చేతులు కొంచెం ఉబ్బుతాయి. కాబట్టి పొద్దున చల్లని వేళకంటే, ఎండలో తిరిగి వచ్చిన తర్వాత తొడిగి చూడడం మేలు.

పట్టు: తొడిగి చెయ్యి చాపి చూస్తే చాలదు. హ్యాండిల్ పట్టినట్టు వేళ్లు ముడవాలి. అరచేతిలో గుడ్డ ముడతలు పడితే వదులు. వేళ్ల సందుల్లో లాగితే బిగువు. మణికట్టు పట్టీ తీశాక ఎర్రని గీత మిగిలితే అదీ బిగువే.

మెత్త: పలుచగా, చిటికెన వేలి వైపు అరచేతి దిండు మీద, బొటనవేలి దిండు మీద విడివిడిగా ఉండాలి. రెంటి నడుమ కాలువలాగ ఖాళీ ఉంటే మంచిది. కుట్లు ఆ నాడి దారిమీద ఉండకూడదు.

బట్ట: చేతి వెనుకభాగం జాలీ అల్లికతో, సాగే పాలియెస్టర్‌దై ఉండాలి. అది నీటిని తక్కువ పీలుస్తుంది, తొందరగా ఆరుతుంది. రంగు లేతదైతే ఎండను తక్కువ పట్టుకుంటుంది. అరచేతి వైపు కృత్రిమ తోలు చాలు. అసలు తోలు గట్టిదే కానీ చెమట ఉప్పుకు బిరుసెక్కుతుంది. బొటనవేలి వెనుక తువ్వాల గుడ్డ ఉంటే కళ్లలోకి కారే చెమట తుడుచుకోవచ్చు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ మధ్యాహ్నం రోడ్డు మీద దాని విలువ తెలుస్తుంది.

వేళ్లు: సగం వేళ్లవి గాలి ఆడతాయి, బ్రేకు, గేరు చక్కగా అందుతాయి. ఎండకు చర్మం తొందరగా కమిలేవారు పలుచని నిండు వేళ్లవి తీసుకోవచ్చు.

ఉతుకుడు: ప్రతి ప్రయాణం తర్వాత చల్లని నీళ్లు, సబ్బుతో ఉతికి, పిండకుండా ఒత్తి, తిరగేసి నీడలో ఆరేయాలి. ఉప్పు పేరుకున్న తొడుగు గరుకు కాగితంతో సమానం.

అన్నీ గ్లవ్స్‌తోనే తీరవు. సీటు ముందుకు వాలి ఉన్నా, హ్యాండిల్ మరీ కిందికి ఉన్నా, టైర్లలో గాలి మితిమీరినా చేతులే శిక్ష అనుభవిస్తాయి. మోచేతులు కాస్త వంచి ఉంచాలి. పది నిమిషాలకొకసారి పట్టు మార్చాలి. తిమ్మిరి మరునాటికీ పోకపోతే, పట్టు సడలితే డాక్టరుకు చూపించుకోవాలి.

చేతికి కాయలు, నాడికి కాయలు

మూడోసారి కొలత చూసి కొన్న పలుచని జాలీ తొడుగులతో ఊళ్లోకి పోతే, హోటల్ దగ్గరి వాళ్లు "ఏందిరా, బాక్సింగుకు పోతున్నవా?" అని నవ్వారు. ఇంట్లో బాపు నా చేతులు చూసి, "నాగలి పట్టిన చేతులకు ఏ తొడుగులున్నయి బిడ్డా?" అన్నాడు. సిగ్గేసింది. ఆయన అరచేతి నిండా కాయలే. తర్వాత ఆలోచిస్తే ఒక సంగతి తోచింది. రాపిడికి చర్మం కాయ కాస్తుంది. నాడికి కాయ కాయదు. చర్మం నేర్చుకునే ఓర్పు నాడికి లేదు. ఈ మాటే ఆయనతో అంటే, ఏమీ అనకుండా తన చేతులు చూసుకున్నాడు.

ఆ వానాకాలం పత్తికి మందు కొట్టేటప్పుడు చూద్దును గదా, నేను పక్కన పడేసిన పాత గ్లవ్స్ తొడుక్కొని ఉన్నాడు! నా మాట విన్నందుకు సంతోషించాలో, దడుసుకోవాలో తెలియలేదు. పరుగెత్తి తీయించాను. గుడ్డ, తోలు పురుగుమందును పీల్చి చర్మానికి అంటిపెడతాయి. ఒట్టి చేతులు కడిగితే పోయేది కూడా అక్కడే నిలుస్తుంది. మందు పనికి అస్తరు లేని నైట్రైల్ రబ్బరు తొడుగులు, మోచేతి దాకా వచ్చేవి కావాలి. మరుసటి వారం హన్మకొండ నుంచి అవి తెచ్చి ఇచ్చాను. "ఇవి గాలి ఆడవు గదరా" అన్నాడు. "అవును బాపూ, ఇవి ఆడొద్దు" అన్నాను.

సైకిలుకు గాలి ఆడేది, మందుకు గాలి కూడా దూరనిది. ఏ పనికి ఏది అన్న తెలివే ఎంపిక.

సైకిలు పేదవాని బండి అనే రోజులు మారుతున్నాయి. 2023లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున సౌర ఫలకాల కప్పుతో సైకిలు బాట తెరిచారు. 200 కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో పూర్తిచేసే బ్రెవే ప్రయాణాలకు మన యువకులు, ఉద్యోగులు పోతున్నారు. మన ఘన్‌పూర్ రోడ్డుకు సౌర ఫలకాల నీడ లేదు. ఉన్నది వేపచెట్ల నీడ, అదీ అక్కడక్కడ. కనుక పొద్దున పది లోపల గమ్యం చేరండి, నీళ్లు వెంట ఉంచుకోండి, చేతులను మరువకండి.

చెప్పడం మరిచాను. పరీక్షలో నా బ్యూరెట్ లేత గులాబీ దగ్గరే ఆగింది.