క్లోమ నాళంలో ఉప్పు, సోడా, నీరు

క్రిందటి సంవత్సరం వేసవిలో మా పురుషుల వార్డులో నలభై ఏళ్ల సోదరుడొకరు పది రోజులు ఉన్నారు. పై కడుపులో మొదలై వీపులోకి పొడిచే నొప్పి. ముందుకు వంగి కూర్చుంటేనే కొంచెం ఉపశమనం. క్లోమం వాచిందని డాక్టరుగారు చెప్పారు. ఇంటికి పంపేటప్పుడు "ఇక మందు, సిగరెట్టు ముట్టుకోవద్దు" అని మేము చెప్పాము. ఎందుకో చెప్పలేదు. మూడు నెలలకే ఆయన అదే నొప్పితో, ఇంకా చిక్కిపోయి వచ్చారు. "నొప్పి పోయింది గదా, కొంచెం తాగితే ఏమవుతుందిలే అనుకున్నాడు సిస్టరమ్మా" అని ఆయన భార్య కన్నీళ్లు పెట్టుకుంది. "వద్దు" అన్న ఒక్క మాట చాలదని ఆ రోజు మాకు అర్థమైంది. అందుకే ఈ పాఠం. కొంచెం ఓపికగా చదవండి. చదవలేని వారికి చదివి వినిపించండి.

క్లోమం చేసే పని

క్లోమం జీర్ణాశయం వెనుక, వెన్నెముకకు ముందు అడ్డంగా ఉంటుంది. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. ఇది ఇన్సులిన్‌ను రక్తంలోకి వదులుతుంది. జీర్ణరసాన్ని నాళం ద్వారా చిన్న పేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి పంపుతుంది. ఈ రసం రోజుకు ఒక లీటరుకు పైగానే తయారవుతుంది. అందులోని ఎంజైములు అన్నాన్ని, పప్పును, నూనెను అరిగిస్తాయి. వాటిని పేగు వరకు మోసుకుపోయే నీటిని, సోడాను చేర్చేది నాళం లోపలి పొర.

సోడా ఎందుకు? జీర్ణాశయం నుండి వచ్చే ఆహారం ఆమ్లంతో పుల్లగా ఉంటుంది. ఆ పులుపులో క్లోమం ఎంజైములు పనిచేయలేవు, పేగు గోడకు కూడా హాని. వంటసోడాలో నిమ్మరసం పిండితే బుసబుసమని పొంగి పులుపు విరిగిపోవడం మీరు చూసే ఉంటారు. క్లోమరసం పేగులో చేసేది అదే పని.

పులుపు వచ్చిందని క్లోమానికి ఎలా తెలుస్తుంది? ఆమ్లం తగలగానే ఆంత్రమూలం గోడ సెక్రెటిన్ అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. అది క్లోమ నాళానికి చేరి "సోడా పంపు" అని కబురు చెబుతుంది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కనుగొన్నారు. 'హార్మోను' అనే పేరు ఆ తరువాత, 1905లో వాడుకలోకి వచ్చింది.

అయాన్లు గోడ దాటే విధానం

రక్తపరీక్ష కాగితంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్ అని చూసి "ఇవేమిటి సిస్టర్?" అని చాలామంది అడుగుతారు. ఉప్పు నీళ్లలో కరిగినప్పుడు సోడియం, క్లోరైడ్ అని రెండుగా విడిపోతుంది. సోడియం ధన విద్యుత్తును, క్లోరైడ్ ఋణ విద్యుత్తును మోస్తాయి. ఇలాంటి కణాలే అయాన్లు. వంటసోడాలో ఉండే బైకార్బొనేట్ కూడా ఋణ అయానే.

నాళం లోపల ఒకే వరుసలో పేర్చిన ఇటుకల్లా కణాలుంటాయి. వాటికి ఒకవైపు రక్తం, మరోవైపు నాళం. అయాన్లు ఇష్టం వచ్చినట్లు దాటలేవు. వాటికి ద్వారాలున్నాయి.

1. రక్తం వైపు ద్వారంలో సోడియం, బైకార్బొనేట్ కలిసి కణంలోకి వస్తాయి. రక్తం నుండి వచ్చిన కార్బన్ డయాక్సైడు నీటితో కలిసినా కణంలో బైకార్బొనేట్ తయారవుతుంది.

2. సెక్రెటిన్ కబురు అందగానే నాళం వైపున్న సి.ఎఫ్.టి.ఆర్. అనే ద్వారం తెరుచుకుంటుంది. క్లోరైడ్ నాళంలోకి వెళుతుంది.

3. దాని పక్కనే మార్పిడి ద్వారం ఉంది. అది క్లోరైడ్‌ను తిరిగి లోపలికి తీసుకొని, బదులుగా బైకార్బొనేట్‌ను నాళంలోకి పంపుతుంది. కొంత బైకార్బొనేట్ సి.ఎఫ్.టి.ఆర్. ద్వారం గుండా కూడా పోతుంది.

4. ఋణ అయాన్ల వెంట సోడియం కణాల మధ్య సందుల్లోంచి వస్తుంది. ఉప్పు ఎటు పోతే నీరు అటు పోతుంది. అందుకే రసం పలచగా పారుతుంది.

5. కణంలో చేరిన సోడియంను రక్తం వైపున్న పంపు ఎప్పటికప్పుడు బయటకు తోడేస్తుంది. మూడు సోడియంలు బయటకు, రెండు పొటాషియంలు లోపలికి. ఈ పంపు శక్తి వల్లే మిగతా పనంతా నడుస్తుంది.

రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు సుమారు 25 మిల్లీమోల్స్. క్లోమం జోరుగా పనిచేసేటప్పుడు ఆ రసంలో ఇది 140 దాకా చేరుతుంది. అంటే అయిదు రెట్లకు పైనే!

ద్వారం పాడైతే

కొందరు పిల్లలు సి.ఎఫ్.టి.ఆర్. ద్వారం సరిగా లేకుండా పుడతారు. దీన్ని సిస్టిక్ ఫైబ్రోసిస్ అంటారు. కారణమైన జన్యువును 1989లో కనుగొన్నారు. వీరిలో క్లోమరసం చిక్కబడి నాళాలు మూసుకుపోతాయి. ఊపిరితిత్తుల్లో కఫం గట్టిపడుతుంది. చెమట నుండి ఉప్పును వెనక్కు తీసుకునేది కూడా ఈ ద్వారమే కాబట్టి చెమట చాలా ఉప్పగా ఉంటుంది. ముద్దు పెట్టుకుంటే బిడ్డ ఉప్పగా అనిపించడం, విడవని దగ్గు, జిడ్డు విరేచనాలు, బరువు పెరగకపోవడం కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించండి.

పుట్టుకతో బాగున్న ద్వారాన్ని మనమే పాడుచేసుకోవచ్చు. మద్యం, పొగాకు రెండూ ఈ ద్వారం పనిని తగ్గిస్తాయి. అప్పుడు సోడా, నీరు తగ్గి రసం చిక్కబడుతుంది. చిన్న నాళాల్లో అడ్డాలు కడతాయి. వాటి మీద సున్నం పేరుకొని రాళ్లవుతాయి. ముందుకు పోలేని ఎంజైములు క్లోమాన్నే అరిగించడం మొదలుపెడతాయి. ఆ సోదరుని నొప్పికి మూలం ఇదే. నొప్పి తగ్గినంత మాత్రాన నాళం బాగుపడినట్లు కాదు.

అయితే క్లోమం వాచిన ప్రతివారినీ తాగుబోతు అనకండి. పిత్తాశయంలో రాళ్లు, రక్తంలో అధిక కొవ్వు, జన్యులోపాలు కూడా కారణాలే. ఏనాడూ తాగని యువతీయువకులకు కూడా మన దక్షిణ భారతంలో క్లోమంలో రాళ్లు వస్తాయి.

మీరు అడిగే ప్రశ్నలు

వంటసోడా తాగితే సరిపోదా? సరిపోదు. అది జీర్ణాశయంలోనే ఖర్చయిపోతుంది, నాళాన్ని బాగుచేయదు. పైగా బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్న వారికి ఆ సోడియం హాని చేస్తుంది.

ఎంజైము క్యాప్సూల్స్ ఎప్పుడు వేసుకోవాలి? భోజనంతోనే. నమలకండి, నూరకండి. ఆమ్లం తగలకుండా లోపలి మందుకు పూత ఉంటుంది. ఆమ్లం తగ్గించే మాత్ర కూడా రాస్తే, "నాకు గ్యాసు లేదు" అని మానేయకండి.

వెంటనే ఎప్పుడు రావాలి? వీపులోకి పాకే పై కడుపు నొప్పి, ఆగని వాంతులు, జ్వరం, పచ్చకామెర్లు ఉంటే రాత్రయినా సరే రండి. జిడ్డుగా, తెల్లగా, దుర్వాసనతో విరేచనమవుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, కొత్తగా షుగరు వచ్చినా ఓ.పి.లో చూపించండి.

రెండవసారి ఆ సోదరుని మంచం పక్కన కూర్చొని, కాగితం మీద నాళం, ద్వారాలు గీసి చూపించాము. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. పాడైన క్లోమం పూర్తిగా మునుపటిలా కాదు. ఆయన ఇప్పటికీ క్యాప్సూల్స్ వాడుతున్నారు. కానీ మందు, సిగరెట్టు రెండూ మానేశారు. ఆ తరువాత నొప్పితో వార్డుకు రాలేదు, చెకప్‌కు మాత్రం భార్యతో కలిసి వస్తున్నారు. మీ ఇంట్లో ఈ పాఠం అవసరమైన వారు ఎవరైనా ఉంటే, "వద్దు" అని ఊరుకోకండి. ఎందుకు వద్దో చెప్పండి.