గొలుసు విప్పే చోటు: పార్కుల్లో పెంపుడు కుక్కలు, పౌరుల హక్కులు

పెంపుడు కుక్కను పార్కులో గొలుసు విప్పి వదలడం యజమానికి దఖలుపడిన హక్కు కాదు; పెంపుడు కుక్కలకు ప్రవేశమే లేదని కార్పొరేషన్ పార్కు గేటుకు బోర్డు తగిలించే అధికారం కాలనీ సంక్షేమ సంఘానికీ లేదు. ఈ రెంటి నడుమ పరిష్కారం చూపవలసింది స్థానిక సంస్థ. టీకాలు పూర్తయిన కుక్కలను యజమాని కళ్లెదుట గొలుసు లేకుండా పరుగెత్తనిచ్చే ప్రత్యేక ఆవరణను గుర్తించి, కంచె వేసి, వేళలు నిర్ణయించి, నియమాలు రాసి నడిపే బాధ్యత దానిదే. అపార్టుమెంట్లు పెరుగుతున్న నెల్లూరు నగరంలోనూ, సాయంత్రం షికారుకు జనం చేరే మైపాడు, కొత్తకోడూరు తీరాల్లోనూ ఈ విషయమై చట్టం దేనిని అనుమతిస్తుందో, దేనిని నేరంగా చూస్తుందో, ఎవరిని అడగమంటుందో తెలిసి ఉంటే ఇరుగుపొరుగు తగాదాలు చాలావరకు మొదట్లోనే తెగిపోతాయి.

కట్టేసి ఉంచడమూ నేరమే

జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ కొట్టడాన్నీ, ఆకలికి మాడ్చడాన్నీ మాత్రమే క్రూరత్వంగా లెక్కించలేదు. మరీ పొట్టిదో, మరీ బరువైనదో అయిన గొలుసుతో జంతువును గంటల తరబడి కట్టేయడాన్నీ, ఎప్పుడూ కట్టేసి లేదా ఇరుకు చోట బంధించి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం కల్పించకపోవడాన్నీ అందులోనే చేర్చింది. తొలి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయల మధ్యనే ఉన్నందున ఈ నిబంధనను ఎవరూ పట్టించుకోరు గాని, కుక్కలకు నడక, పరుగు అవసరమని పార్లమెంటే గుర్తించిందనడానికి ఇది తిరుగులేని ఆధారం. భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో జారీచేసిన మార్గదర్శకాలు కూడా పెంపుడు జంతువులను పార్కుల నుంచి పూర్తిగా నిషేధించడం దూరదృష్టి లేని పని అనీ, ఇతరులకు ఇబ్బంది లేని వేళలను మాట్లాడుకుని నిర్ణయించుకోవడమే మేలనీ సూచించాయి. అయితే ఇవి సలహా రూపంలోని మార్గదర్శకాలే కనుక, కార్పొరేషన్ చట్టబద్ధంగా చేసిన నియమాలను పక్కన పెట్టడానికి వీటిని సాకుగా చూపలేరు.

వదిలేస్తే వచ్చే బాధ్యత

2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్ ప్రకారం, తన అధీనంలోని జంతువు వల్ల మనిషి ప్రాణానికి ముప్పుగాని, తీవ్ర గాయంగాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇది కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి లేకుండానే పోలీసులు కేసు నమోదు చేయగలిగిన నేరం. దీనికి తోడు, వైద్య ఖర్చులకూ నష్టానికీ పరిహారం కోరుతూ బాధితుడు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. కుక్కల కోసం కేటాయించిన ఆవరణలో కరిచినా యజమాని బాధ్యత రద్దు కాదు. జాగ్రత్త తీసుకున్నాడా లేదా అన్నదే అక్కడా ప్రశ్న.

కాటు పడిన వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ టీకా మొదలుపెట్టించుకోవాలి. అక్కడిచ్చే ఓపీ చీటీ, గాయం ఫోటో, కుక్క టీకా పత్రం నకలు తర్వాత కేసుకు ఆధారాలవుతాయి. కోపంతో కుక్కను చంపడం, అవిటిదాన్ని చేయడం మాత్రం అదే సంహితలోని 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడగల నేరం.

స్థలం ఎవరిది, నిర్ణయం ఎవరిది

74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలు పార్కులు, తోటలు, ఆటస్థలాల ఏర్పాటునూ, జంతువుల పట్ల క్రూరత్వ నివారణనూ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన విధుల్లో పేర్కొంది. లేఅవుట్లలో పదో వంతు స్థలాన్ని ఖాళీగా విడిచి, రిజిస్టరు చేసిన దానపత్రం ద్వారా స్థానిక సంస్థకు అప్పగించాలన్నది రాష్ట్ర నిబంధన. కనుక అలా అప్పగించిన కాలనీ పార్కుకు సంఘం సంరక్షకురాలే తప్ప యజమాని కాదు. బెంగళూరులో పార్కుకు ఉద్దేశించిన స్థలాన్ని నర్సింగ్ హోముకు కేటాయించడాన్ని చెల్లదన్న 1991 నాటి బెంగళూరు మెడికల్ ట్రస్టు కేసులో, ఖాళీ స్థలాల మీద స్థానికులందరికీ ప్రయోజనం ఉంటుందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ తీర్పు వెలుగులో చూస్తే, పార్కులో ఒక మూల కుక్కలకు కేటాయించడం పార్కు ఉద్దేశానికి విరుద్ధం కాదు. కాని పిల్లల ఆటస్థలాన్నో, వృద్ధుల నడకదారినో మింగేసే కేటాయింపు సవాలుకు నిలవడం కష్టం.

తెలుగునాట ఇందుకు చూపదగిన ఉదాహరణ హైదరాబాదులోని కొండాపూర్. చెత్త పోసే చోటుగా ఉన్న సుమారు 1.3 ఎకరాలను హైదరాబాదు మహానగర పాలక సంస్థ దాదాపు 1.1 కోట్ల రూపాయలతో కుక్కల పార్కుగా మార్చి 2018లో ప్రారంభించింది. పెద్ద కుక్కలకూ చిన్న కుక్కలకూ వేరువేరు ఆవరణలు, పశువైద్య సదుపాయం అందులో భాగాలు. నెల్లూరు స్థాయికి అంత ఖర్చు అక్కర్లేదు. కార్పొరేషన్ పట్టుబట్టవలసింది కొద్ది అంశాల మీదే. మొదటిది జంట గేటు: బయటి తలుపు మూసి గడియ పెట్టాక, రెండు తలుపుల మధ్య ఇరుకు చోట నిలబడి గొలుసు విప్పి, ఆ తర్వాతే లోపలి తలుపు తీయాలి. ఒక కుక్క లోనికి వెళుతుండగా మరొకటి రోడ్డు మీదికి దూకకుండా ఆపేది ఇదే. రెండోది, మలం ఎత్తడానికి సంచులు, మూత ఉన్న డబ్బా, రోజూ దాన్ని ఖాళీ చేసే మనిషి పేరు. మూడోది, తాగునీరు, నీడ, వాన నీరు నిలవని నేల. నాలుగోది, వేళలు, టీకా నిబంధన, ఫిర్యాదు నంబరు తెలుగులో రాసిన బోర్డు. చివరిది, కాట్లు, కొట్లాటలు నమోదు చేసే రిజిస్టరు. ఏ వేళ మార్చాలో, ఏ కుక్కను నిలిపివేయాలో దాని ఆధారంగానే నిర్ణయించాలి.

తీరంలో నియమం వేరు

విశాలమైన ఇసుక ఉందని సముద్రతీరాన్ని కుక్కల పరుగుకు వాడుకోవడం చట్టరీత్యా ప్రమాదకరం. ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతకాలం నుంచి వేసవి తొలినాళ్ల వరకు రాష్ట్ర తీరం ఇసుకలో గుడ్లు పెడతాయి. కుక్కలు ఆ గుంటలను పసిగట్టి తవ్వేస్తాయి. ఆలివ్ రిడ్లే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఉంది; ఆ చట్టంలోని ‘వేట’ నిర్వచనంలోకి సరీసృపాల గుడ్లను పాడుచేయడం, గూళ్లను చెదరగొట్టడం కూడా వస్తాయి. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో శిక్ష కనీసం మూడేళ్ల జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లను తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్లు అత్యంత కఠిన రక్షణ గల మొదటి విభాగంలో చేర్చినందున, అక్కడ కంచె వేసి ఆవరణ కట్టే ఆలోచన కూడా కుదరదు. మత్స్యకారులు ఇసుక మీద ఆరబెట్టుకున్న చేపలను కుక్క పాడుచేస్తే నష్టం భరించవలసింది దాని యజమానే.

వీధి కుక్కల వ్యవహారాన్ని పెంపుడు కుక్కల విషయంతో కలపకూడదు. వాటికి వర్తించేవి 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు. శస్త్రచికిత్స, టీకా తర్వాత వాటిని పట్టిన చోటే వదలాలన్న నియమాన్ని, రేబిస్ సోకినవీ దూకుడుగా ఉన్నవీ మినహాయించి, 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కొనసాగించింది. వాటికి ఆహారం పెట్టేందుకు ప్రత్యేక స్థలాలు గుర్తించమంది. ఆ తర్వాత నవంబరు 7న విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టిన కుక్కలను తిరిగి అక్కడే వదలవద్దని ఆదేశించింది.

ఎలా అడగాలి

ఆవరణ కావాలనుకునేవారు, వద్దనుకునేవారు కూడా కార్పొరేషన్ కమిషనర్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రశీదు తీసుకోవాలి. ఆ నకలును తమ డివిజన్ కార్పొరేటర్‌కు, వార్డు కార్యాలయానికి అందించాలి. అర్జీలో స్థలం కొలత, కోరుతున్న వేళలు, నిర్వహణకు ఎవరు ముందుకొస్తున్నారన్నది ఉంటే అది తీర్మానం దాకా వెళ్లే అవకాశం ఎక్కువ. స్పందన లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించవచ్చు. పార్కుపై ఖర్చు, నమోదైన పెంపుడు కుక్కల సంఖ్య వంటి వివరాలను సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడిగితే 30 రోజుల్లో జవాబు రావాలి. రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాల్లో ఆ రుసుమూ ఉండదు. పారిశుద్ధ్యం ప్రజోపయోగ సేవల్లో ఒకటి కనుక, మలం తొలగించని సమస్యను శాశ్వత లోక్ అదాలత్ ముందుంచవచ్చు. మహిళలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు వంటి అర్హులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు. కార్పొరేషన్ తీర్మానం చేసి ఆవరణ తెరిచేవరకు మాత్రం, కుక్క ఎంత సాధువైనదైనా గొలుసు చేతిలో ఉంచుకోవడమే యజమానికి చట్టరీత్యా క్షేమం.