మూగవోయిన హారన్

కొండదారి మలుపులో ఎదుటి వాహనం కనబడదు. అక్కడ చోదకునికి చూపుకంటె హారనే ఆధారం. మోటారు వాహనాలకు హారన్ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళి సైతం నిర్దేశిస్తున్నది. అట్టి హారన్ మూగవోయినప్పుడు కొత్తదానికై తొందరపడరాదు. దోషం వేరొకచోట ఉండవచ్చు.

చాలా కార్లలో విద్యుత్తు బ్యాటరీ నుండి ఫ్యూజు, రిలేల మీదుగా హారన్‌ను చేరి, ఎర్త్ మార్గాన బ్యాటరీకే మరలివస్తుంది. స్టీరింగ్‌పైని మీట నొక్కగానే రిలే ఆ దారిని తెరుస్తుంది. ఈ వలయం ఎక్కడ తెగినా ధ్వని పుట్టదు.

మొదట ఫ్యూజును పరిశీలించాలి. అది కాలిపోయి ఉంటే అన్నే ఆంపియర్లు గల ఫ్యూజును అమర్చాలి. దాని బదులు రాగితీగ చుట్టడం అగ్నిప్రమాదాన్ని ఆహ్వానించడమే.

ఫ్యూజు బాగుంటే, ఒకరు మీట నొక్కుతుండగా మరొకరు రిలే వద్ద చెవియొగ్గాలి. ‘టిక్కు’మనే సవ్వడి లేకపోతే రిలేను మార్చి చూడాలి. అప్పటికీ ఫలితం లేకుంటే లోపం మీటవైపు ఉన్నట్లు. ఎయిర్‌బ్యాగు గల స్టీరింగ్‌ను విప్పే పని మాత్రం మెకానిక్‌కే వదలాలి.

సవ్వడి వినబడినా హారన్ మోగకపోతే, టెస్టు ల్యాంపు ఒక కొనను బ్యాటరీ రుణధ్రువానికి తగిలించి, రెండవ కొనను హారన్‌కు వచ్చే విద్యుత్తు తీగకు తాకించి, మీట నొక్కించాలి. దీపం వెలగకపోతే దోషం రిలేలోనో, తీగలోనో ఉన్నది. వెలిగితే ఎర్త్ బిగింపు వద్ద తుప్పును గీకివేయాలి. అప్పటికీ పలకకపోతే మార్చవలసినది హారనే.

వైద్యునికైనా, మెకానిక్‌కైనా కారణాన్వేషణ ముందు, చికిత్స తరువాత.